గుడారమా, పందిలియా?

ధ్యాన భాగములు: ఆదికాండము 18:16–33, యోనా 4:5–11, అపొస్తలుల కార్యములు 18:1–3

అమెరికా దేశమున ఉద్యోగవిరమణ చేసిన దంపతులలో కొందరు తాము ముప్పది, నలువది యేండ్లు కాపురమున్న ఇంటిని అమ్మివేసి, సామానులో చాల భాగమును పిల్లలకును పొరుగువారికిని పంచిపెట్టి, చక్రములమీద నడచు ఇంటిలోనికి మారుదురు. ఆ బండిని అక్కడివారు ఆర్.వి. అని పిలుతురు. అది బస్సంత పొడవుగల మోటారు బండి కావచ్చును, లేదా మరియొక వాహనము వెనుక తగిలించి లాగునది కావచ్చును. పడక, పొయ్యి, స్నానపు గది, మంచినీటి తొట్టి, మురుగునీటి తొట్టి, అన్నియు అందులో ఇరుకుగా అమరియుండును. వేసవిలో ఉత్తరమునకును చలికాలములో దక్షిణమునకును వలసపక్షులవలె వీరు సాగిపోవుదురు. సెలవులకు మాత్రము విహారము బయలుదేరువారు వేరు. వీరికి తిరిగి చేరుకొనుటకు మరియొక ఇల్లు లేదు. బండియే ఇల్లు.

వీరందరును వేడుకకై బయలుదేరినవారని తలంపరాదు. 2008లో ఇండ్ల అప్పుల వ్యవస్థ కుప్పకూలినప్పుడు ఇల్లు పోగొట్టుకొని బండి యెక్కినవారు వీరిలో కలరు. పింఛను చాలక, అడవులలోని బస స్థలములను కనిపెట్టుచు, శుభ్రము చేయుచు, అందుకు బదులుగా బండి నిలుపుకొను చోటును ఉచితముగా పొందువారును కలరు. కొన్ని రాత్రులు వాల్‌మార్ట్ వంటి పెద్ద దుకాణముల ఆవరణములో, అక్కడివారు అనుమతించినచోట, దీపస్తంభము క్రింద నిద్రించుదురు. పడమటి రాష్ట్రములలోని కేంద్రప్రభుత్వపు బీడుభూములలో ఉచితముగా బస చేయవచ్చును గాని, సాధారణముగా ఒకచోట పదునాలుగు దినములకు మించి ఉండనియ్యరు. పిదప బండి కదలవలసినదే. ఇచ్చట నిలువరమైన పట్టణము లేదని బోధకుడు గంటసేపు శ్రమపడి చెప్పు సంగతిని అక్కడ దారిప్రక్కనున్న ఒక రేకు పలక రెండు వరుసలలో చెప్పుచున్నది!

అరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ అను చిన్న ఊరు కలదు. దాని చెంతనున్న ప్రభుత్వ భూమిలో సెప్టెంబరు 15 మొదలు ఏప్రిల్ 15 వరకు దీర్ఘకాలము బస చేయుటకు ప్రత్యేకముగా అనుమతి నిచ్చుదురు. చలికాలము వచ్చుసరికి ఆ బీడునేల బండ్లతో నిండిపోవును. ఆ ఊరి శ్మశానములో హజీ అలీ అనువాని సమాధియున్నది. 1856లో అమెరికా సైన్యము ఎడారి ప్రయాణములకై ఒంటెలను తెప్పించినప్పుడు వాటిని తోలుటకు పశ్చిమ ఆసియానుండి వచ్చినవాడతడు. 1935లో అతని సమాధిపై రాతి గోపురము కట్టి, దాని కొనమీద లోహపు ఒంటె బొమ్మను నిలిపిరి. అబ్రాహాము మందలో నుండిన జంతువు అన్ని సముద్రములు దాటి ఆ ఎడారిలో నిలిచి, గుడారములకు బదులుగా వచ్చిన ఈ బండ్లను చూచుచున్నట్లుండును.

అట్టి సంచారులకు 2024వ సంవత్సరము నెమ్మదిలేని యేడాయెను. అది అధ్యక్షుని ఎన్నుకొనవలసిన సంవత్సరము. జూలై 13న పెన్సిల్వేనియా రాష్ట్రములోని బట్లర్ అను ఊరిలో సభ జరుగుచుండగా అభ్యర్థిపై తుపాకి పేలెను. సభకు వచ్చిన ఒకడు మరణించెను. ఎనిమిది దినముల పిమ్మట, జూలై 21న, పదవిలోనున్న అధ్యక్షుడు తాను పోటీనుండి తొలగుచున్నట్లు ప్రకటించెను. నవంబరు 5న ఓటింగు. ఎన్నిక తమకు గొప్ప మానసిక భారముగా నున్నదని చెప్పిన పెద్దలు 2016లో నూటికి 52 మంది కాగా, 2020లో 68 మంది, 2024లో 69 మంది అని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ తన సర్వేలలో తెలిపెను. అనగా ప్రతి ముగ్గురిలో ఇద్దరికంటె ఎక్కువమంది ఆ భారమును మోసిరి. వారిలో ప్రార్థించువారు ఎందరో ఏ సర్వేయు అడుగలేదు గాని, ఆలయములలోని బల్లలు ఆ కలతకు అతీతముగా నుండినవని ఎవడును చెప్పజాలడు.

అట్టి దంపతుల నిరువురిని తలంచుకొనుడు. ఆయన బడిలో లెక్కలు చెప్పినవాడు, ఆమె ఆసుపత్రిలో రాత్రి పనులు చేసిన నర్సు. కుమారుడు ఒక పక్షము, కుమార్తె మరియొక పక్షము. నవంబరు మాసపు కృతజ్ఞతా పండుగ భోజనపు బల్లయొద్ద కూర్చుండుట ప్రతి యేడును కష్టతరమగుచు వచ్చెను. ఇల్లు అమ్మినప్పుడు దానితోకూడ ఆ వాదములును పోవునని వారు లోలోపల ఆశించిరి. కొండలు, నదులు, నక్షత్రములు, వీటిలో పార్టీలెక్కడివి? కాని బండి పైకప్పుమీద టెలివిజను పళ్లెమున్నది, చేతిలో ఫోనున్నది. ప్రక్కన వచ్చి నిలిచిన బండిమీద ఒక అభ్యర్థి పేరుగల జెండా ఎగురుచున్నది. ఏ చోట నిలుపుకొందమని చూచునప్పుడు వారి కన్నులు చెట్టు నీడను గాక ముందుగా జెండాలను వెదకుట మొదలాయెను. రాత్రి ఆమె నిద్రించిన తరువాత ఆయన చీకటిలో కూర్చుండి, ఫోను వెలుగులో వార్తవెంబడి వార్త చదువుచుండును. కిటికీకి ఆవలనున్న ఆకాశమునకై వారు ఇల్లు అమ్మిరి. దానివైపు ఆయన తల యెత్తుట లేదు.

చక్రములు మనుష్యుని దేశపు కలతకు దూరముగా కొనిపోలేవని పరిశుద్ధ గ్రంథమునకు బాగుగ తెలియును. రేకాబీయులను జ్ఞాపకము చేసికొనుడు. ఇల్లు కట్టరాదు, విత్తనము విత్తరాదు, ద్రాక్షతోట నాటరాదు, బ్రదుకు దినములన్నియు గుడారములలోనే నివసింపవలెనని వారి పితరుడైన యోనాదాబు వారికి ఆజ్ఞాపించెను. తరతరములు వారట్లే చేసిరి. కాని నెబుకద్రెజరు సేన దేశముమీదికి వచ్చినప్పుడు ఆ గుడారవాసులు ఎక్కడికి పోయిరి? యెరూషలేము గోడలలోనికే పరుగెత్తి వచ్చిరి. యిర్మీయా వారిని ఆ పట్టణములోనే చూచెను (యిర్మీయా 35). ఇల్లులేనివానికిని దేశపు అపాయము ఇల్లున్నవానికి తగులునట్లే తగులును. అంతకంటె గమనింపదగినది, దేవుడు వారిని మెచ్చుకొనెను గాని వారి గుడారములను మెచ్చుకొనలేదు. వారి విధేయతను మెచ్చుకొనెను. సంచారజీవనము దానంతట అది పుణ్యము కాదు. ఇది చెప్పవలసియున్నది; ఏలయనగా సన్న్యాసియు పరివ్రాజకుడును తిరుగాడిన ఈ దేశమున కదలిపోవువాడే నిలిచియున్నవానికంటె పరిశుద్ధుడను తలంపు క్రైస్తవుల మనస్సులలోకూడ సులువుగా చొరబడును.

ఇక ఓటు సంగతి. ఇల్లులేనివానికి ఓటెక్కడ? అమెరికాలో ప్రతి ఓటరునకును ఒక చిరునామా కావలెను. కనుక ఈ సంచారులు ఉత్తరములు అందుకొని పంపు సంస్థల చిరునామాలను తమవిగా చేసికొందురు. రాష్ట్రపు ఆదాయపు పన్ను లేని టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటా రాష్ట్రములు ఇందుకు పేరుగాంచినవి. టెక్సస్‌లోని లివింగ్‌స్టన్ అను చిన్న పట్టణము, అక్కడ ఎన్నడును ఒక మాసమైన నిలువని వేలమందికి కాగితముపైని స్వస్థలము. సౌత్ డకోటాలో ఒక రాత్రి బస చేసిన రసీదు చూపి డ్రైవింగ్ లైసెన్సు పొందుట సంచారులకు అలవాటైన మార్గము. అయితే ఓటరుగా నమోదు కావలెనన్న ముందుగా ముప్పది దినములు అక్కడ నివాసముండవలెనని 2023లో ఆ రాష్ట్రము చట్టము చేసెను. ఇక్కడ నిలువనివాడు ఇక్కడి అధికారిని ఏల ఎన్నుకొనవలెనని స్థానికులు అడుగుదురు. పౌరుడనైన నాకు ఎక్కడో ఒకచోట ఓటుండవలదా అని సంచారి అడుగును. రెండు ప్రశ్నలును అన్యాయమైనవి కావు.

తెలుగువారికి ఇందులో ఒక విడ్డూరము కనబడును. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లోను తెలంగాణలోను ఓటింగు జరిగినప్పుడు హైదరాబాదునుండి స్వగ్రామములకు పోవు బస్సులును రైళ్లును క్రిక్కిరిసిపోయెను. ఇక్కడ మనుష్యుడు తన ఓటున్నచోటికి ప్రయాణము చేయును. అక్కడ ఆ దంపతులు ఎక్కడనుందురో అక్కడికి వారి ఓటుకాగితము తపాలాలో ప్రయాణము చేసి వచ్చును. అరువది యైదేండ్లు నిండినవారు తపాలాద్వారా ఓటువేయుటకు టెక్సస్ చట్టము అనుమతించుచున్నది. అడవి మధ్యనున్న చిన్న పోస్టాఫీసులో తమ పేర వచ్చిన కవరును అడిగి తీసికొని, బండిలోని మడత బల్లమీద పెట్టి, వారిరువురు గుర్తులు వేసి, మూసి, మరల తపాలాలో వేయుదురు. అది మంచి పని. పరదేశులును యాత్రికులునై యున్నవారని విశ్వాసులను పిలిచిన పేతురు, వెంటనే అదే అధ్యాయములో అధికారులనుగూర్చియు రాజును సన్మానించుటనుగూర్చియు మాటలాడెను (1 పేతురు 2:11–17). పరదేశి అనుటకు అతడు వాడిన గ్రీకు మాట ‘పరోయికోస్’. ఆ కుదురునుండి పుట్టినదే నేడు గురువుగారి సేవాప్రాంతమునకు వాడు ‘పారిష్’ అను మాట. పరదేశవాసమను అర్థముగల మాట చివరకు సరిహద్దులు గీసిన సొంత ప్రాంతమునకు పేరైపోయినది. మాటలకు పట్టిన గతియే సంఘములకును పట్టుచుండును.

ఓటు వేయుటకు ఒక నిమిషము చాలును. మిగిలిన మాసములన్నియు ఏమి చేయవలెను? ఆ దంపతుల చిక్కు అక్కడనున్నది. ఇల్లున్నవారి చిక్కును అదియే.

యోనా ఏమి చేసెనో చూడుడు. నీనెవెలో చాటవలసినది చాటి, పట్టణము విడిచి, తూర్పున ఒక చోటు చూచుకొని, పందిలి వేసికొని, దాని నీడను కూర్చుండెను. ఎందుకు? పట్టణమునకు ఏమి సంభవించునో చూచుటకు. గ్రంథములో ఇంతకంటె స్పష్టముగా ప్రేక్షకుని చిత్రించిన మాట మరియొకటి లేదు. ఆ పట్టణములో అతనికి ఇల్లు లేదు, బంధువులు లేరు, ఆస్తి లేదు. అతనికున్నది ఒక అభిప్రాయము, ఆ అభిప్రాయము నెరవేరునా లేదా అను ఆతురత. పట్టణము నాశనమైన యెడల తన మాట నిలుచును. నిలిచిన యెడల తనకు అవమానము. కనుక నీడలో కూర్చుండి కనిపెట్టుచుండెను. అతని సంతోషము కూడ రాజకీయము కాదు, ఒక సొరచెట్టు. ఆకు పెరిగినప్పుడు మిక్కిలి సంతోషించెను, వాడినప్పుడు చావగోరెను. వార్తను కనిపెట్టుకొని యుండువాని ప్రాణము ఇట్లే చిన్నవాటిపై ఎక్కి దిగుచుండును. ఉదయము ఒక లెక్క చూచి ఉత్సాహము, సాయంకాలము మరియొక లెక్క చూచి నిరాశ.

పందిలి అనునప్పటి హెబ్రీ మాట ‘సుక్కా’. ఇశ్రాయేలీయులు యేటేట ఏడు దినములు నివసింపవలసిన పర్ణశాలకును అదే మాట. తెలుగులో రెండు వేరు మాటలుండుటచేత చదువరికి ఈ బంధుత్వము కనబడదు. అనువాదమున తప్పనిసరియగు నష్టములలో ఇది యొకటి. ఐగుప్తునుండి బయలుదేరిన పితరులు ఇల్లులేనివారై తిరిగిరని, వారిని దేవుడు పోషించెనని జ్ఞాపకము చేసికొనుటకు నియమింపబడిన ఆ ఆకుల గుడిసెనే యోనా ఇతరుల నాశనమును తిలకించు ఆసనముగా మార్చుకొనెను. కట్టడము ఒక్కటే, ఆకులు ఒక్కటే. లోపల కూర్చున్నవాడు ఎటు చూచుచున్నాడో, ఏమి కోరుచున్నాడో, అందులోనే భేదము.

అబ్రాహాము గుడారము వేరు. ఎండవేళ మమ్రేయొద్ద అతడు గుడారపు ద్వారమున కూర్చుండియుండెను. అతడును కన్నులెత్తి చూచెను గాని, చూచినంతనే పరుగెత్తెను. ముగ్గురు తెలియనివారు వచ్చిరి. ఏ దేశస్థులని గాని, ఏ పక్షమువారని గాని అడుగక, నీళ్లు, నీడ, రొట్టె, లేతదూడ మాంసము వారి ముందుంచెను. శారా పిండి పిసికెను. ఆ వృద్ధ దంపతుల గుడారము ఆ మధ్యాహ్నము ఒక ఆలయమాయెను.

భోజనమైన తరువాత ఆ అతిథులు సొదొమ తట్టు చూచిరి. వారిని సాగనంపుటకు వెళ్లిన అబ్రాహాము యెహోవా సన్నిధిని నిలిచెను. అతడక్కడ చేసినది విజ్ఞాపన అని అందరును చెప్పుదురు. అది ఎవరికొరకైన విజ్ఞాపనయో అంతగా ఆలోచింపరు. సొదొమలో అబ్రాహామునకు ఇల్లు లేదు, గుమ్మమున కూర్చుండు హక్కు లేదు. ఆ గుమ్మమున కూర్చుండినవాడు లోతు. ఆ కాలమున వ్యాజ్యములు తీరునదియు, పెద్దలు కూడునదియు పట్టణపు గవినియొద్దనే గనుక లోతు ఆ ఊరి వ్యవహారములలో పాలుగలవాడు. కాని పట్టణముకొరకు వాదించినవాడు గవినిలోనివాడు కాక గుడారములోనివాడు. అంతకు ముందొకమారు ఆ పట్టణపు జనులను శత్రువుల చేతిలోనుండి విడిపించి, సొదొమ రాజు ఇయ్యజూచిన సొత్తులో చెప్పుల వారునైనను ముట్టకపోయినవాడును అతడే (ఆదికాండము 14). ఆ పట్టణమునుండి అతడు ఆశించిన లాభమేదియు లేదు. కనుకనే దానికొరకు నిర్భయముగా నోరు తెరువగలిగెను.

ఏబదిమంది నీతిమంతులుండిన యెడల? నలువది యైదుగురు? నలువది? ముప్పది? ఇరువది? పది? ఆరుమారులు అడిగెను. లోతు పేరు ఒక్కసారియైనను ఎత్తలేదు. తనవారిని తప్పించి తక్కినదానిని కాల్చుమని అడుగుట సులువు. అబ్రాహాము తనవానిని మాత్రము తప్పించుమని అడుగక, పట్టణమంతయు నిలువవలెనని అడిగెను. ఆ పట్టణపు దోషము అతనికి తెలియనిది కాదు. దోషులు ఎవరో తేల్చుటకు అతడు ప్రయత్నింపలేదు. అక్కడ నీతిమంతులు ఎందరుందురో లెక్కించుటకు ప్రయత్నించెను. ఎన్నికల కాలమున లోకము లెక్కించుట ఇందుకు తలక్రిందులు: ఎదుటి పక్షములో చెడ్డవారెందరో అదియే లెక్క.

ఆ దంపతుల బండి ఈ రెండింటిలో ఏది కాగలదు? పందిలి కాగలదు, చల్లని నీడలో కూర్చుండి దేశమునకు ఏమగునో చూచు ఆసనము. గుడారమును కాగలదు. బండి కాపురములో ఇందుకు అవకాశములు తక్కువేమియు కావు. మురుగునీటి తొట్టిని ఖాళీచేయు చోట వరుసలో నిలుచునప్పుడు గొట్టము చీలినవానికి ప్రక్కవాడు తన గొట్టము నిచ్చును. వాని ఓటు ఎవరికని అడుగడు. చక్రము బురదలో దిగినవానికి, గ్యాసు అయిపోయినవానికి, రాత్రివేళ గుండెలో నొప్పివచ్చినవానికి తలుపు తట్టదగినది ప్రక్కబండియే. ముప్పది యేండ్లు ఒక వీధిలో కాపురముండి పొరుగువాని పేరు తెలియనివారు కలరు. ఈ బీడులో పదునాలుగు దినముల పొరుగు. ఆమె నర్సుగా పనిచేసినదని తెలిసినప్పుడు జెండాగల బండిలోని వృద్ధుడు రక్తపోటు చూపించుకొనుటకు వచ్చును. ఆయన చేయి పట్టుకొని ఆమె లెక్కించుచున్నది నాడి. ఆయన పేరుపెట్టి ఆ రాత్రి దేవునియొద్ద నిలుచుటకు ఆమెకు అంతకంటె ఏమి కావలెను?

ఇట్టి ప్రయాణపు దంపతులు ఒకరు క్రొత్త నిబంధనలో కలరు. అకుల, ప్రిస్కిల్ల. యూదులందరు రోమా విడిచి పోవలెనని చక్రవర్తియైన క్లౌదియ ఆజ్ఞాపించుటచేత వారు కొరింథునకు వచ్చిరి. ఆ ఆజ్ఞ క్రీ.శ. 49 ప్రాంతమున వెలువడెనని చరిత్రకారులలో చాలమంది తలంచుదురు. అధికారపీఠమునుండి వచ్చిన ఒక్క మాట వారి ఇంటిని కూల్చెను. వారి వృత్తి, వింతగా, డేరాలు కుట్టుట. కొరింథునుండి ఎఫెసునకు, ఎఫెసునుండి మరల రోమాకు, చివరి పత్రికలో మరల ఎఫెసున కనబడుదురు. లేఖనములో వారి పేరులు ఆరుచోట్ల వచ్చును. ఒక్కచోటనైనను ఒకరు లేకుండ మరియొకరు కనబడరు. వెళ్లగొట్టబడినవారు గనుక వారు చేదుగా మాటలాడుటకు కావలసినంత కారణముండెను. క్లౌదియనుగూర్చి వారు పలికిన ఒక్క మాటయు లేఖనములో లేదు. వారు ఎక్కడ దిగిన అక్కడ వారి ఇంట సంఘము కూడెనను మాట మాత్రము రెండుమారులు వ్రాయబడినది (రోమా 16:5, 1 కొరింథీ 16:19). మరియొక సంగతి. ఎఫెసు సమాజమందిరములో అపొల్లో గంభీరముగా బోధించుచుండగా అతని బోధలో కొరత వారికి కనబడెను. సభలో లేచి ఖండింపక, అతనిని చేర్చుకొని, దేవుని మార్గమును మరింత పూర్తిగా విశదపరచిరి. ఒక మనుష్యుడు సగము సత్యము చెప్పుచున్నప్పుడు ఏమి చేయవలెనో 2024లోని ఎన్ని కుటుంబములకు ఈ ఒక్క వచనము తెలియక బల్లలు విరిగినవో!

ఆ యేటి సెప్టెంబరు 26న హెలీన్ అను తుపాను ఫ్లోరిడా తీరమును తాకి, లోతట్టుకు సాగి, నార్త్ కరోలినా రాష్ట్రపు పడమటి కొండలలో ఎన్నడును ఎరుగని వరదను తెచ్చెను. ఆ రాష్ట్రము ఎన్నికలలో ఎటు మొగ్గునో తెలియని ఏడింటిలో ఒకటి. ఇంకను శవములు వెదకబడుచుండగానే వదంతులు పుట్టెను. సహాయము ఫలానివారికే ఇచ్చుచున్నారట, ఫలానివారికి మానుచున్నారట. అక్టోబరులో సహాయక సిబ్బందికి బెదరింపులు వచ్చినవని తెలిసి కేంద్రప్రభుత్వపు సంస్థ కొన్నిచోట్ల ఇంటింటి పనిని కొంతకాలము నిలుపవలసివచ్చెను. తరువాత ఇండ్లు కొట్టుకొనిపోయిన కుటుంబములకు తాత్కాలిక నివాసములుగా ప్రభుత్వము ఇచ్చినవాటిలో ఇట్టి చక్రముల బండ్లుండెను. ఒకనికి విహారమైనది మరియొకనికి ఆశ్రయమాయెను. కోరి ఇల్లు విడిచినవాడు, వరద ఇల్లు విడిపించినవాడు, ఇరువురును ఒకే విధమగు రేకు గోడల మధ్య పండుకొనిరి.

యోహాను సువార్త మొదటి అధ్యాయములో వాక్యము మనుష్యుల మధ్య నివసించెనని చదువునప్పుడు, ఆ క్రియాపదము గ్రీకులో గుడారమునుండి పుట్టినదని జ్ఞాపకముంచుకొనదగును. తెలుగు మాట నిజమైనదే గాని, అందులో గుడ్డయు మేకులును కనబడవు. ఆయన వచ్చినది చూచి పోవుటకు కాదు. ఒలీవల కొండ దిగుచు పట్టణమును చూచినప్పుడు ఆయన చేసినది ఏడ్చుట (లూకా 19:41).

నవంబరు 5 గడచెను. మరునాడు తెల్లవారుజామునకే డోనల్డ్ ట్రంప్ గెలిచెనని వార్తాసంస్థలు ప్రకటించెను. ఓటు వేసినవారిలో సుమారు సగము మంది సంతోషించిరి, సుమారు సగము మంది దుఃఖించిరి. ఆ దంపతులు ఏ సగములోనివారో ఇక్కడ చెప్పవలసిన పని లేదు. పదునాలుగవ దినము కావచ్చినది గనుక వారు మేకులు పెరికి, గొట్టములు చుట్టి, బయలుదేరవలెను. దారిలో రాబోవు ఊరు ఎదుటి పక్షమునకు కంచుకోటయని పటము చూపుచున్నది. అక్కడ నిలుతమా, దాటిపోవుదమా?

విజ్ఞాపన చేసిన మరునాడు ఉదయమున అబ్రాహాము లేచి, తాను యెహోవా సన్నిధిని నిలిచిన చోటికి వెళ్లి, సొదొమ తట్టు చూచెను. కొలిమి పొగవలె పొగ లేచుచుండెను. పదిమంది దొరకలేదు. దేవుడు తన్ను జ్ఞాపకము చేసికొని లోతును తప్పించెనని ఆ ఉదయము అతనికి ఎవరును తెలిపినట్లు వ్రాయబడలేదు. అతడు అక్కడనుండి గుడారము పెరికి దక్షిణదేశమునకు సాగి, గెరారులో దిగెను. ఆ ఊరిని చూడకమునుపే ఇక్కడ దేవుని భయము ఏమాత్రమును లేదని నిశ్చయించుకొని, ప్రాణభయముచేత భార్యను చెల్లెలని చెప్పెను. అతని అంచనా తప్పాయెను. అబీమెలెకు దేవుని మాటకు భయపడెను, తెల్లవారినప్పుడు లేచి తన సేవకులతో సంగతి చెప్పెను, వారును మిగుల భయపడిరి. దేవుని భయము లేనిదని అతడు తలంచిన ఊరిలో ఆ ఉదయము భయపడినవారు వారే. రాజు అబ్రాహామును పిలిచి, నీవు మాకు ఏల ఇట్లు చేసితివని న్యాయముగా అడిగెను. అయినను గొర్రెలను ఎద్దులను ఇచ్చి, తన దేశములో ఇష్టమైనచోట నివసింపుమనెను. అప్పుడు అబ్రాహాము ఆ రాజుకొరకు దేవుని ప్రార్థించెను. మూయబడియుండిన గర్భములు ఆ ఇంట తెరువబడెను, వారు పిల్లలను కనిరి. ప్రార్థించినవాని గుడారములో శారా ఒడి ఆనాటికి ఇంకను శూన్యముగానే యుండెను.